ఊరంతా తోసిన లారీ

నాకు కోతలు కోసే జబ్బుందని ముందే ఒప్పేసుకుంటున్నాను. పిల్లి తుమ్మితే పులి గాండ్రించిందంటాను. మా పెరట్లో కుండ పగిలితే కృష్ణకు గండి పడిందంటాను. మా ఆవిడ కాపురానికొచ్చిన కొత్తలోనే ఈ సంగతి కనిపెట్టి, నా మాటలన్నిటినీ పదోవంతు చేసుకుని వినడం అలవాటు చేసుకుంది. మీరూ అలాగే చదవండి. కాకపోతే ఈ కథలో నా గుండెదడను మాత్రం తగ్గించకండి. దాన్ని నేను పెంచలేదు. అంతే ఉండేది.

యుద్ధం రోజులవి. బెజవాడలో మా నాన్న వదిలిపోయిన చీరల కొట్టు అమ్మేసి నేనొక లారీ కొన్నాను. చీర మడతపెట్టడం తప్ప ఇంకో పని రాని మనిషికి లారీ ఎందుకయ్యా అంటే, నూలు దొరక్క మగ్గాలు ఆగిపోతున్నాయి, కొట్లో చీరల కన్నా బొద్దింకలు ఎక్కువయ్యాయి. ఇకమీదట లారీ ఉన్నవాడిదే రాజ్యమని ఎవరో అన్నారు. ఆ అన్న మహానుభావుణ్ణి ఇప్పటికీ వెతుకుతున్నాను.

దాన్ని చూడగానే పోయిన యుద్ధంలో ఓడిపోయిన పక్షం వాళ్లదని తెలిసిపోయేది. ఒక తలుపు తెరుచుకోదు, రెండోది మూసుకోదు. సెల్ఫు చచ్చిపోయి చాలాకాలమైంది కాబట్టి ముందు నుంచి ఇనప హ్యాండిలు దూర్చి తిప్పితేనే లేచేది. పెట్రోలు కూపన్లు మాబోటి వాళ్లకు దొరకవు గనక వెనకాల పెద్ద డ్రమ్ము బిగించి బొగ్గు గ్యాసు మీద నడిపేవాళ్లం. డ్రమ్ములో బొగ్గులు పోసి, నిప్పు వేసి, పక్కనున్న చేతి ఫ్యాను అరగంట తిప్పితే గ్యాసు పుట్టేది. మా వీధిలో ఇంటికో పొయ్యి ఉంటే మా ఇంటికి రెండు. రెండోదానికి చక్రాలుండేవి.

అయితేనేం, ఉయ్యూరు వైపు పల్లెల నుంచి ధాన్యం బస్తాలు, మా అత్తవారి వైపు సాలెల దగ్గర నుంచి బట్టల మూటలు తెచ్చి రైల్వే గూడ్సు షెడ్డులో దించుతుంటే ఇల్లు గడిచిపోతోంది. మా అమ్మ, మా ఆవిడ, ఇద్దరాడపిల్లలు, నేను, అందరం ఆ చక్రాల మీద కూర్చుని అన్నం తింటున్నాం. అది పోతే ఇంకో లారీ రాదు. కొత్త బండ్లన్నీ యుద్ధానికే పోతున్నాయి. వెనక్కి వెళ్లడానికి కొట్టూ లేదు.

సరిగ్గా అప్పుడే గవర్నరుపేటలో ఒకాయన లారీ రాత్రికి రాత్రి మాయమైంది. వారం తిరక్కుండా ఆయన మంచం పట్టాడన్నారు. ఆ కబురు విన్న సాయంత్రం నుంచి నాకు నిద్ర లేదు.

మొదట గొలుసు కొన్నాను. ఓడలకు కట్టే గొలుసంత లావు. (పదోవంతు చేసుకోండి.) మేం భవానీపురంలో ఉండేవాళ్లం. ఇంటిముందే లారీ, అరుగు మీద నా మంచం. గొలుసు ఒక కొస ముందు చక్రానికి, రెండో కొస మంచం కోడుకు కట్టి పడుకున్నాను. తెల్లవారుజామున డ్రైవరు వచ్చి, సంగతి తెలియక, బొగ్గు రాజేసి బండి కదిలించాడు. మంచంతో సహా నేను ఊరేగింపుగా వీధి చివరిదాకా వెళ్లాను. ఎదురింటి మాస్టారు పళ్లు తోముకుంటూ చూశారు. ఆయన మిషను స్కూల్లో లెక్కలు చెప్పేవారు. ఆదివారం తప్పకుండా గుణదల కొండ మీది చర్చికి వెళ్లే భక్తిపరుడు. వేళాకోళం ఆడటంలో మాత్రం ఆయనకు ఏ కట్టుబాట్లూ లేవు.

"ఏవండీ, ఇంత పొద్దున్నే ఎందాకా?" అన్నారు.

ఆ తరవాత గంటలు. ఎడ్ల మెళ్లో కట్టే కంచు గంటలు సంచీడు తెచ్చి, తాడుకు గుచ్చి లారీ చుట్టూ, బానెట్టు కింద, తలుపుల పిడులకు వేలాడదీశాను. ఎవడు ముట్టుకున్నా మోగాలి. మోగేవి. పిల్లి దూకితే మోగేవి, కృష్ణ మీది గాలి వీస్తే మోగేవి, మా అమ్మ దగ్గితే మోగేవి. మోగినప్పుడల్లా నేను కర్ర పట్టుకుని దూకేవాణ్ణి. వీధిలో పసిపిల్లలందరికీ నిద్ర పోయింది. మాస్టారు ఎర్రబడిన కళ్లతో వచ్చారు. "మీ లారీని ఎవడన్నా ఎత్తుకుపోతే బాగుండునండీ. నేనే వాడికి కాఫీ ఇస్తాను" అన్నారు.

ఆపైన తుమ్మకంప. చుట్టూ ముళ్లు పరిచాను. దొంగ రాలేదు గాని పోస్టుమాన్ వచ్చాడు, మా చిన్నపిల్ల వెళ్లింది, చివరికి ముందు టైరే ఒక ముల్లు మీదికెక్కి ఉస్సురుమంది. పర్మిట్టు లేనిదే టైరు దొరకని రోజుల్లో ఆ ఉస్సురు విని నాకు ఊపిరాడలేదు. అదృష్టం కొద్దీ ట్యూబుతో పోయింది.

పాము బోర్డు సంగతి చెబితే నమ్మరు, అయినా చెబుతాను. పెయింటరు చేత ఒక రేకు మీద "లోపల నాగుపాము ఉంది" అని రాయించి, పడగ బొమ్మ వేయించి తలుపుకు తగిలించాను. మొదటి రోజు పిల్లలు పామును చూపించమని వచ్చారు. రెండో రోజు పాములవాడు బుట్టతో వచ్చి, పట్టకుండా వెళ్లనన్నాడు. నాగుల చవితి నాడు పక్క వీధి ఆడవాళ్లు తలంట్లు పోసుకుని, పసుపు కుంకాలతో వచ్చి బానెట్టు మీద పాలు పోశారు. చిమ్మిలి నైవేద్యం పెట్టారు. బోర్డు పీకేద్దామంటే మా అమ్మ ఒప్పుకోలేదు. "దేవుడు వెలిశాక పీకుతావట్రా?" అంది.

ఇలా లాభం లేదని చివరికి లారీ కదలకుండా చేసే మార్గం పట్టాను. పని అయిపోగానే హ్యాండిలు పీకి నా పక్కలో పెట్టుకుని పడుకునేవాణ్ణి. మా ఆవిడ "సవతిని తెచ్చుకున్నారు" అనేది. అది చాలదన్నట్టు డ్రమ్ములో బొగ్గు మీద చెంబుడు నీళ్లు చల్లేవాణ్ణి. తడి బొగ్గు ఏ దొంగకు రాజుకుంటుంది? మాకూ రాజుకునేది కాదు. అరగంట పట్టే పని ఒక పూట పట్టేది. మా డ్రైవరు ఫ్యాను తిప్పీ తిప్పీ, ఒకరోజు తువ్వాలు దులుపుకుని లేచాడు.

"అయ్యగారూ, నేను లారీ డ్రైవర్నండీ. దీన్ని తోలాలంటే ముందు ముళ్లు ఊడ్చాలి, తరవాత గంటలు విప్పాలి, పాముకి దణ్ణం పెట్టాలి, బొగ్గు ఆరబెట్టాలి. ఇంతట్లో రైలు పోద్దండీ. మీకో పూజారి కావాలండీ, నేను కాదు."

వెళ్లిపోయాడు. మార్కెట్లో హమాలీల మేస్త్రీతో ఎవరన్నా డ్రైవరుంటే పంపమని చెప్పాను. ఈలోగా బండి కదల్లేదు. బండి కదలకపోతే బియ్యం రాదు. పగలు డ్రైవరు కోసం తిరగడం, మిగతా వేళంతా కాపలా. కూచుంటే ఉలికిపాటు, నిలబడితే తూలు. ఒకరోజు మా చిన్నపిల్ల నవ్వుతూ వచ్చి వెనక నుంచి నా భుజం పట్టుకుంది. నేను వేసిన కేకకు అది ఆ పూటంతా నా దగ్గరికి రాలేదు. తలుపు చాటునుంచి నన్ను చూస్తూ ఉండిపోయింది. ఇది పెంచి చెప్పడం లేదు.

ఎండాకాలం. ఒక మధ్యాహ్నం అన్నం తిని హ్యాండిలును కౌగిలించుకుని గదిలో వాలాను. ఎన్నాళ్లగానో రాని నిద్ర అంతా ఒక్కసారి వచ్చి మీద పడింది. ఆ తరవాత జరిగింది మా ఆవిడ, మాస్టారు చెప్పగా విన్నదే.

మా ఆవిడ అరుగు మీద బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఖాకీ నిక్కరు, భుజాన తువ్వాలు, నుదుట విభూతి రేఖలతో ఒకతను వచ్చి చెప్పులు దూరంగా విడిచి నిలబడ్డాడు.

"నమస్కారం అమ్మగారూ. డ్రైవరు కావాలన్నారంట కదండీ. మార్కెట్టు మేస్త్రీగారు పంపారండీ."

"వచ్చావా నాయనా! రోజూ నీకోసమే చూస్తున్నారు. కాని ఇప్పుడే నిద్రపట్టింది ఆయనకి. ఎన్నాళ్లయిందో పడుకుని."

"అయ్యో, లేపకండమ్మా, పాపం. ఈలోగా బండి ఓసారి రాజేసి చూసుకుంటానండీ."

తలుపు ముట్టుకున్నాడో లేదో గంటలు ఘల్లుమన్నాయి. వాడే చెయ్యి వెనక్కి తీసుకున్నాడట. "ఈ మోతకి అయ్యగారు లేస్తారేమోనమ్మా" అన్నాడట, ఎంతో బాధగా. మా ఆవిడ సాలెల ఇంటి ఆడపడుచు. మా ఇంట్లో ఉప్పు లేకపోయినా నూలు పోచలుంటాయి. గుప్పెళ్లతో తెచ్చి, ఒక్కో గంట నాలుకకు మెత్తగా చుట్టింది. నేను నిద్రపోవాలని. తరవాత చీపురు తెచ్చి ముళ్లు పక్కకు ఊడ్చింది.

"అమ్మగారూ, కాస్త నిప్పిస్తారా?"

గుమ్మంలోకొచ్చి నిప్పడిగితే లేదనడం మా వైపు లేదు. పొయ్యిలోంచి పారతో ఎర్రటి నిప్పు తెచ్చి డ్రమ్ములో పోసింది. అప్పుడు వాడు సంచీలోంచి కొబ్బరికాయ, కర్పూరం, నిమ్మకాయలు తీశాడు.

"కొత్త చెయ్యి పడుతోంది కదండీ. కాయ కొట్టకుండా స్టీరింగు ముట్టుకుంటే మా గురువు ఒప్పుకోడండీ."

పాము బోర్డుకు దణ్ణం పెట్టాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. కర్పూరం వెలిగించి, కాయ కొట్టి, చెక్కలు ముక్కలు చేసి వీధిలో అందరికీ పంచాడు. మా అమ్మ ముక్క కళ్లకద్దుకుంది. "ఇన్నాళ్లకు భక్తిగల డ్రైవరు దొరికాడే" అంది. ఇన్ని నెలలుగా నేను దొంగను ఊహించుకుంటున్నాను. నల్లగా, నూనె పూసుకుని, కత్తి పట్టుకుని వస్తాడనుకున్నాను. కర్పూరం తెచ్చుకుంటాడని నాకు తోచలేదు. మా ఊళ్లో ఎవరికీ తోచదు.

ఫ్యాను తిప్పడానికి మాస్టారు వచ్చారు. తడి బొగ్గు పొగ తప్ప గ్యాసు ఇవ్వలేదు.

"హ్యాండిలేదమ్మగారూ?"

"ఆయన పక్కలో ఉంది. లాగితే లేస్తారు."

"వద్దులెండి. నలుగురు చెయ్యేస్తే తోసుకుపోతూ అంటించుకుంటాను."

ఆ రోజుల్లో బొగ్గు లారీలు అడుగడుక్కీ ఆగిపోయేవి. ఆగిన బండి కనిపిస్తే, అది ఎవరిదని అడక్కుండా దారినపోయేవాడు భుజం ఆనించేవాడు. ఇవాళ వీడిది తోస్తే రేపు మనది తోస్తారు. మా వీధి వీధంతా పంచెలు ఎగ్గట్టి "ఐలెస్సా" అంది. మా ఆవిడ తోసేవాళ్లందరికీ చెంబుతో మజ్జిగ పోసింది. వాడికి రెండుసార్లు పోసిందట.

నేను లేచేసరికి ఎండ అరుగు దిగింది. ఒళ్లు తేలిగ్గా ఉంది. బయటికొచ్చి చూస్తే ఇంటిముందు ఆకాశం మరీ ఎక్కువగా కనబడుతోంది.

"లారీ ఏదే?"

"కొత్త డ్రైవరు తీసుకెళ్లాడు, చూసుకోడానికి."

"ఏ కొత్త డ్రైవరు?"

"మేస్త్రీ పంపినతను."

"మేస్త్రీ పొద్దున్నేగదే కనబడి, ఇంకా ఎవడూ దొరకలేదన్నాడు!"

మా ఆవిడ చేతిలో చేట అలాగే ఉంది. బియ్యం మాత్రం నేలమీద ఉన్నాయి. నాకు తిట్టు రాలేదు.

చొక్కా లేకుండా, చేతిలో హ్యాండిలుతో రోడ్డున పడ్డాను. మాస్టారు సైకిలు తీశారు. "ఎక్కండి వెనకాల. నేను తోసిన పాపం నేనే తొక్కి కడుక్కుంటాను. ఆ కొబ్బరిముక్క నేను తినలేదులెండి, ఫ్యాను మాత్రం తిప్పాను" అన్నారు. నేను కారియర్ మీద, ఆయన పెడళ్ల మీద. బండి ఎటుపోయిందని ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. జనమే గర్వంగా చెప్పేవాళ్లు.

వన్‌టౌన్‌లో మార్కెట్టు దగ్గర హమాలీలు చెమటలు తుడుచుకుంటున్నారు. "ఆ పాము లారీయేనా? మేమే తోశామండీ కొండ మలుపుదాకా. మంచాయన, తలా ఒక బీడీ ఇచ్చాడు."

మలుపులో పోలీసు కానిస్టేబుల్ నిలబడి ఉన్నాడు. నేను సైకిలు మీంచి దూకి కాళ్లమీద పడ్డంత పని చేశాను. "అయ్యా, నా లారీ దొంగ తీసుకుపోతున్నాడు! గంటలున్న లారీ!"

ఆయన మొహం పాలిపోయింది. టోపీ సర్దుకున్నాడు. "గంటలున్నాయిగాని మోగలేదే" అన్నాడు. తరవాత గొంతు తగ్గించి, "రోడ్డుకడ్డంగా ఉందని నేనూ తోశానయ్యా. వంతెన దాకా. ఈ సంగతి స్టేషన్లో అనకు, నీకు పుణ్యముంటుంది" అన్నాడు.

వంతెన మీద పడవల వాళ్లు తోశారు. ఏలూరు రోడ్డు మీద ఒక పెళ్లివారి బళ్లు ఆగి మరీ తోశాయి. పెళ్లికొడుకు కూడా చెయ్యి వేశాడన్నారు. యుద్ధం వచ్చినా ఇంత ఐకమత్యం రాలేదు బెజవాడకు. నేను పగలూ రాత్రీ ఒక్కణ్ణే కాచిన బండిని ఊరంతా కలిసి, నవ్వుకుంటూ, దొంగ చేతిలో పెట్టి సాగనంపింది. మాస్టారు రొప్పుతున్నారు. ఒక్క వేళాకోళం కూడా ఆడలేదు. దాంతో నాకింకా భయమేసింది. కారియర్ మీద కూర్చుని నేను లెక్క వేస్తున్నాను: రేపు ఎల్లుండికి బియ్యం ఉన్నాయి, తరవాత లేవు. అమ్మ మందు సీసా అడుగంటింది. మావగారి మగ్గం ఆగిపోయి ఉంది. వాళ్లింటికి వెళ్లడానికీ లేదు.

గుణదల దగ్గర కాలువ గట్టున బట్టలుతికేవాళ్లు చేతులెత్తి ఆపారు. "పొగ లారీ గదండీ? అదిగో, ఆ పల్లంలో ఆగిపోయింది" అన్నారు. పరుగెత్తాను. లారీ ఒక పక్కకు ఒరిగి, ముందు చక్రం కాలువ బురదలో దిగబడి ఉంది. వాడు లేడు. పొగ మాత్రం ఇంకా వస్తోంది. బానెట్టు మీద బోర్లా పడి వాటేసుకున్నాను. రేకు కాగి ఉండి చెంప చురుక్కుమంది. అయినా లేవలేదు. బట్టలుతికేవాళ్లే దాన్ని బురదలోంచి లాగి, మళ్లీ ఇటు తిప్పి, భవానీపురం దాకా తోసుకొచ్చారు. దారిలో మధ్యాహ్నం తోసినవాళ్లే మళ్లీ తోశారు.

ఇక ఇందులో కల్పించింది ఏదో చెబుతాను. పాము నిజం, పాలు పోసిన ఆడవాళ్లు నిజం. పెళ్లికొడుకు తోశాడో లేదో నాకు తెలియదు గాని పెళ్లివారు తోసింది నిజం. కానిస్టేబుల్ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు ఆయన బదిలీ అయి చాలాకాలమైంది. గుణదలలో లారీ దొరకడం, అదొక్కటే నేను కల్పించింది.

గట్టున వాళ్లు అసలు చెప్పిన మాట వేరు. "స్టార్టయిందండీ! ఆ పల్లంలోకి తోసేసరికి గుప్పున అంటుకుంది. మేం చప్పట్లు కొట్టాం. ఆయన చెయ్యి బయటపెట్టి దణ్ణం పెట్టుకుంటూ ఏలూరు వైపు పోయాడు." మాస్టారు సైకిలు స్టాండు వేసి, రోడ్డు పక్కన కూర్చుని రెండు చేతుల్తో మొహం కప్పుకున్నారు. నేను ఆ పల్లం దాకా నడిచాను. రోడ్డు మీద నిమ్మకాయంత బొగ్గు ముక్క కూడా లేదు.

ఇంటికెళ్లేసరికి మా ఆవిడ మధ్యాహ్నం వంపిన బియ్యం దగ్గరే కూర్చుని ఉంది. అలాగే ఉందట, పచ్చి మంచినీళ్లు ముట్టలేదట. నన్ను చూసి లేవలేకపోయింది. "దొరికిందా?" అంది.

"దొరికింది. గుణదలలో బురదలో దిగబడింది. షెడ్డులో పెట్టించి వచ్చాను" అన్నాను. బానెట్టు సంగతి, చెంప కాలిన సంగతి కూడా చెప్పాను. ఆమె లేచి పిల్లలకు అన్నం పెట్టింది. తనూ నాలుగు ముద్దలు తింది.

మర్నాడు చెప్పేశాను. తరవాత చాలాకాలం ఇంకొకరి లారీ మీద డ్రైవరు పక్కన కూర్చుని బస్తాలు దించే పని చేశాను. అదెలా గడిచిందో రాయడానికి నాకు చేతకాదు, పెంచడానికి అందులో ఏమీ లేదు. ఈ కథ ఎవరికి చెప్పినా గుణదల ముక్క మాత్రం తీసెయ్యాలనిపించదు. ఆ పూట ఆమె తిన్న నాలుగు ముద్దలు దాని మీదే తింది.